దక్షిణాది టోస్టు

ఆ హోటల్లో అందరూ ఆమెను వంటక్క అనేవారు. ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాడైన యజమాని కూడా అలాగే పిలిచేవాడు. ఆయన ఒకప్పుడు బస్సు కండక్టరు. ఆ ఉద్యోగం వదిలేసి ఇరవై ఏళ్ళు దాటినా, మధ్యాహ్నం రద్దీ వేళ గుమ్మంలో నిలబడి "లోపల ఖాళీ ఉంది, జరగండి, జరగండి" అనడం మానలేదు. అందుకని ఆయనకు కండక్టరు గారన్న పేరే ఉండిపోయింది.

వంటక్క గురించి ఆయన వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పేవాడు. "అందరూ నాలుకతో వండుతారండీ. మా వంటక్క ముక్కుతో వండుతుంది."

అందులో అతిశయోక్తి పెద్దగా లేదు. ఆమె వీధి తలుపు దగ్గర గొడుగు మడుస్తూనే "మూడో పొయ్యి మీద ఉల్లిపాయలు దించండి, మాడిపోతాయి" అని కేకేసేది. పాలు విరుగుతాయంటే విరగకముందే చెప్పేది. ఒకసారి చేపల బుట్ట తెచ్చినవాణ్ణి గుమ్మంలోంచే వెనక్కి పంపేసింది. "మూతన్నా తీసి చూడమ్మా" అని అతను మొత్తుకుంటే, "మూత తీస్తే ముందు నువ్వే పారిపోతావు" అంది.

అలాంటి ముక్కు ఒక చలికాలపు జ్వరంతో పోయింది.

జ్వరం వారానికి తగ్గింది. నోటికి ఏదీ రుచించకపోవడం నీరసం వల్లే అనుకుంది. అసలు సంగతి భర్త వల్ల బయటపడింది. ఆయనా, ఆయన తమ్ముడూ ఇళ్ళకు రంగులు వేస్తారు. ఆయన ఒక సాయంత్రం ఇంట్లోకి వస్తూనే ముక్కు మూసుకుని, "ఇదేమిటే, టర్పెంటైన్ డబ్బా ఒరిగిపోయి గదంతా పారుతుంటే అందులోనే కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నావు?" అని అరిచాడు.

"జలుబు చేసింది" అంది ఆమె.

ఆయన కిటికీలు తెరిచి నేల తుడుస్తుంటే ఆమె వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. వెల్లుల్లి నలిపి చూసింది. కాఫీ గింజలు, సబ్బు ముక్క, నిమ్మతొక్క, ఒక్కొక్కటీ ముక్కుకు ఆనించుకుని చూసింది. గోడను వాసన చూసినట్టుంది. నాలుక మీద ఉప్పూ పులుపూ తెలుస్తున్నాయి గాని, వాటి వెనక ఉండాల్సిందేదీ లేదు.

రేపు తగ్గుతుంది, ఎల్లుండి తగ్గుతుంది అనుకుంటూ నెల గడిచింది. ఎవరికీ చెప్పలేదు. ఏమని చెబుతుంది? ముక్కు లేని వంటక్కతో కండక్టరు గారికేం పని? వాన పడితే భర్త పని ఆగిపోతుంది. తనకు చూస్తే యాభై దాటింది. ఆమె కళ్ళతోనూ చెవులతోనూ వండడం మొదలుపెట్టింది. ఉల్లిపాయ రంగు చూసేది, నూనె చిటపట వినేది, గడియారం చూసి గిన్నె దించేది. పద్దెనిమిదేళ్ళ అలవాటు చేతుల్లో ఉంది గనక ఎవరికీ అనుమానం రాలేదు. పైగా, ఇది తలుచుకుంటే ఆమెకే మొహం వేడెక్కేది, మునుపటిలాగే గిన్నె మీదికి వంగి, మూత పైకెత్తి, కళ్ళు మూసుకుని, "ఊఁ, సరిపోయింది" అనేది. అబద్ధం నోటితోనే చెప్పక్కర్లేదని, మూసిన కళ్ళతోనూ చెప్పొచ్చని ఆ రోజుల్లో తెలుసుకుంది.

ఇలా నడుస్తుండగా ఎదురు వరసలో కొత్త హోటలు తెరిచారు. అక్కడా భోజనానికి ముందు వీళ్ళిచ్చేదే ఇస్తున్నారు: దళసరిగా కోసిన బ్రెడ్డు ముక్కను నిప్పుల మీద కాల్చి, వేడిగా ఉండగా వెల్లుల్లి రుద్ది, పైన సన్నగా తరిగిన టమాటా, కాస్త నూనె. మెనూలో బ్రుషెట్టా అని రాసి ఉన్నా అందరూ దాన్ని టమాటా టోస్టు అనే అడిగేవారు. కండక్టరు గారు రెండు రోజులు కిటికీలోంచి అటు చూసి చూసి మూడోనాడు వంటింట్లోకి వచ్చాడు.

"వంటక్కా, వాళ్ళదీ అదే, మనదీ అదే. ఒకే రూటులో రెండు బస్సులు తిరిగితే ఎలా? ఆ టోస్టుని ఏదన్నా కొత్త దారి పట్టించు."

పూర్వమైతే ఆ మాటకు ఆమె ఎగిరి గంతేసేది. ఇప్పుడు గుండెలో రాయి పడింది. ఉన్నవాటినే పాత లెక్కన నెట్టుకొస్తున్న మనిషి కొత్త రుచి ఎక్కణ్ణుంచి తెస్తుంది?

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మేడ మీద పొగ కనిపించింది. అది తోడికోడలు పని. కింది వాటాలో వీళ్ళు, పైవాటాలో మరిది కాపురం. మరిది దక్షిణం వైపు ఒక పెద్ద బంగళాకు రంగులు వేయడానికి వెళ్ళి, రంగులు వేసి, పెళ్ళి చేసుకుని వచ్చాడు. అప్పటి నుంచి ఆమె ఇంట్లో దక్షిణం పిల్లే. పదహారేళ్ళు గడిచి తలలో నెరుపు కనిపిస్తున్నా ఆ పేరు మారలేదు. మాట చివర దీర్ఘం తీస్తుందని పిల్లలు వెక్కిరించేవారు. పుట్టింటి నుంచి తెచ్చిన మిరపకాయలను పాత రేకు పీపాలో వేసి మేడ మీద పొగబెడుతుంటే, మొదటిసారి ఇరుగుపొరుగు ఇల్లు తగలబడుతోందని బకెట్లతో పరుగెత్తుకొచ్చారు. ఆ కథ చెప్పుకుని ఇప్పటికీ నవ్వుతారు. ఆమె కూడా వాళ్ళతో పాటు నవ్వేది, కొంచెం ఆలస్యంగా.

ఆ మిరపకాయలనూ, దోరగా వేయించిన వేరుశనగలనూ కచ్చాపచ్చాగా దంచి నూనెలో ఊరబెట్టేది. వాళ్ళ వైపు దాన్ని పొగనూనె అంటారట. కాల్చిన రొట్టె మీద మెత్తగా ఉడికి నలిగిన బొబ్బర్లు పరిచి, చెంచాడు పొగనూనె పోసుకుని తినడం వాళ్ళకు రోజువారీ పని. వంటక్క మెట్లెక్కి వెళ్ళి, ఆ రొట్టెనే హోటల్లో పెడదామంది. దక్షిణం పిల్ల చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"మాదా అక్కా? హోటల్లోనా? డబ్బిచ్చి తింటారంటావా?"

"నువ్వు చేసిపెట్టు, వాళ్ళు తినకపోతే నన్నడుగు."

ఇద్దరూ కలిసి నాలుగు మధ్యాహ్నాలు దాన్ని సరిచేశారు. పచ్చి టమాటాకు బదులు నిప్పుల మీద కమిలిన టమాటాను చిదిమి వేశారు. ఉల్లిపాయను వెనిగర్లో నానబెట్టారు. వెల్లుల్లి మాత్రం మానలేదు. ప్రతిసారీ వంటక్క "నువ్వు చెప్పు" అనేది. "అంత పేరున్నదానివి, నన్నడుగుతావేంటక్కా" అని మురిసిపోతూ ఆ పిల్ల చెప్పేది, ఇంకాస్త పులుపు పడాలని, పొగ ఎక్కువైందని. పెద్దమనసుతో అడుగుతోందనే అనుకుంది పాపం.

కండక్టరు గారు బయట పలక మీద పెద్ద అక్షరాలతో "దక్షిణాది టోస్టు" అని రాయించాడు. పది రోజుల్లో జనం దానికోసమే రావడం మొదలైంది. వీధిలో వాళ్ళు మేడ వైపు తలెత్తి "ఏమ్మా, ఈ వారం పొగ ఎప్పుడు?" అని దక్షిణం పిల్లను పలకరించేవారు. రెండిళ్ళ వాళ్ళు తమకూ ఒక సీసా కావాలన్నారు. ఆమె నడకే మారిపోయింది. మాట చివరి దీర్ఘాన్ని దాచుకోవడం కూడా మానేసింది.

వారానికొక సీసా పంపేది. పంపినప్పుడల్లా ఒకటే అప్పగింత: "చల్లటి చోట పెట్టక్కా. వేరుశనగ కదా, వేడి తగిలితే కంపు కొడుతుంది. వాసన మారిందంటే నా మొహం చూడకుండా పారబోసెయ్." వంటక్క తలూపేది. సీసా నాలుగు రోజులకే ఖాళీ అయిపోయేది గనక ఏ ఇబ్బందీ రాలేదు.

అంతలో ఆసుపత్రి పెద్ద నర్సు ఉద్యోగ విరమణ విందు కుదిరింది. నలభైమంది. "అందరికీ మొదట దక్షిణాది టోస్టే" అని పెద్ద నర్సే స్వయంగా వచ్చి చెప్పి వెళ్ళింది. దక్షిణం పిల్ల ముందుగానే మూడు పెద్ద సీసాలు పంపింది. వంటక్క వాటిని ఫ్రిజ్‌లో పెట్టింది. మర్నాడు మాంసం వచ్చింది, చోటు చాలలేదు. ఒక్క పూటకే కదా అని సీసాలు తీసి తన పొయ్యి పక్కన, ఆ చివర మూలనున్న అలమరలో సర్దింది. ఆ ఒక్క పూట పన్నెండు రోజులైంది. కావాలని చేసింది కాదు, మరిచిపోయింది. కాని ఆ అలమర ముందు నుంచి రోజుకు వందసార్లు నడిచింది. మూతల సందుల్లోంచి వచ్చే వాసన ఏ మామూలు ముక్కుకైనా అయిదోనాడే తెలిసేది. గాజు సామానూ డబ్బాలూ ఉండే ఆ మూలకు ఆమె తప్ప ఇంకెవరూ వెళ్ళరు.

విందు రోజు పదకొండు గంటలకు కండక్టరు గారు కంగారుగా లోపలికి వచ్చాడు. "అన్నీ సరిగ్గా ఉన్నాయా వంటక్కా?"

ఆమె మొదటి సీసా మూత తీసింది. పొయ్యిల దగ్గర సాయం చేసే మనిషి చూస్తున్నాడు, పళ్ళేలు తుడిచే ఆవిడ చూస్తోంది. ఎప్పటిలాగే వంగింది, కళ్ళు మూసుకుంది. "ఊఁ, బ్రహ్మాండంగా ఉంది" అంది. ఆ హడావుడిలో ఇంకొకరిచేత రుచి చూపించాలన్న ఆలోచనే రాలేదు. మాంసం ఉడికే ఘాటులో మిగతావాళ్ళకూ ఏమీ తెలియలేదు; తెలిసినా వంటక్క ముక్కును కాదనేదెవరు?

నలభై పళ్ళేలు వెళ్ళాయి. మాటల సందడి ఒక్కసారిగా పల్చబడింది. వంటక్క గోడకున్న కిటికీ సందులోంచి చూసింది. పెద్ద నర్సు ఒక ముక్క కొరికి, నమలడం ఆపి, రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కావిడ నీళ్ళు తాగుతోంది. ఎవరో నవ్వలేక నవ్వుతూ "ఇందులో పెయింటేమన్నా కలిసిందా?" అన్నారు. పళ్ళేలు ఒక్కొక్కటీ పక్కకు జరిగాయి.

కండక్టరు గారు వంటింట్లోకి వచ్చి సీసా ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చటుక్కున వెనక్కి తీశాడు.

"ఇదేమిటిది! గుప్పున కంపు కొడుతోంది. ఎవరు చూశారు దీన్ని?"

అందరూ ఆమె వైపే చూశారు. ఆ క్షణంలో "నేనే" అని ఉంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. వచ్చి, ఇంకో మాటయి బయటపడింది.

"నేను మూత తీసినప్పుడు బాగానే ఉందండీ. అడుగున తేడా ఉందేమో. నూనె మా తోడికోడలు చేసి పంపింది కదా... వేరుశనగలు పాతవి వాడిందో ఏమో."

అదే సమయానికి పెరటి గుమ్మంలో దక్షిణం పిల్ల నిలబడి ఉంది. ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చింది. లోపలికి రానక్కర్లేదు, తలుపు పక్కన నిలబడి తన టోస్టు నలభైమంది తింటుంటే ఒక్కసారి చూసుకుని వెళ్ళిపోతానని నాలుగు రోజుల నుంచీ వంటక్కను అడుగుతోంది.

కండక్టరు గారు సీసా ఆమె ముందు పెట్టాడు. కోపంలో ఏమన్నాడో తరవాత ఆయనకే గుర్తులేదు. ఆమె వంగి వాసన చూసింది. మొహం పాలిపోయింది.

"అయ్యో. అవునండీ, చెడిపోయింది. పంపేటప్పుడు బాగుందనుకున్నాను. తప్పు నాదే." వంటక్క వైపు తిరిగింది. "నీ పరువు తీశానక్కా. నన్ను నమ్మి తెచ్చావు."

వంటక్క పొయ్యి మంట తగ్గించడానికి వంగింది. తగ్గించాల్సిన అవసరం లేదు, అది చిన్నగానే వెలుగుతోంది.

సాయంత్రానికి పలక మీది అక్షరాలు తుడిచేశారు. సీసాలు తెప్పించుకున్న రెండిళ్ళ వాళ్ళూ ఇక వద్దన్నారు. దక్షిణం పిల్ల ఇంట్లో మిగిలిన వేరుశనగలన్నీ చెత్తబండిలో పోసేసింది. మేడ మీద పీపా బోర్లించింది.

ఆ తరవాత మూడు వారాలు వంటక్కకు తిన్నది ఒంటబట్టలేదు. పైనుంచి అడుగుల చప్పుడు వినబడితే చాలు, చేతిలో పని ఆపి పైకప్పు వైపు చూసేది. చెప్పేద్దామని నాలుగుసార్లు మెట్లెక్కింది. ఒకసారి మరిది ఎదురొచ్చాడు. ఒకసారి ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇంకోసారి ఏ అడ్డూ లేదు, అయినా నోరు పెగల్లేదు. చెప్పలేని మాట బదులు ఏదో ఒకటి చేతిలో పట్టుకెళ్ళేది. ఒకరోజు నారింజపళ్ళు, ఇంకోరోజు కొత్త గరిటె. మెట్లు తనే ఊడ్చింది. పైవాళ్ళ బట్టలు వానకు తడవకుండా తీసి మడతపెట్టింది.

"ఎందుకక్కా ఇదంతా? నేను చేసినదానికి నువ్వు తిట్టాలి గాని" అనేది దక్షిణం పిల్ల. ఆ మాట ముల్లులా దిగేది. తిట్టించుకోవాల్సిందాన్ని నేను, దండం పెట్టించుకుంటున్నాను అనుకునేది వంటక్క. కిందికొచ్చి స్నానాలగదిలో పంపు తిప్పి ఏడ్చేది.

"పాపం ఆ పిల్ల బాగా కుంగిపోయిందే. పదహారేళ్ళకి ఒక్కసారి తలెత్తుకుంది" అన్నాడు భర్త ఒకనాడు, అన్నం తింటూ. వంటక్క పళ్ళెం తీసుకుని లేచిపోయింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం పైనుంచి పిలుపు వచ్చింది. "అక్కా, ఒక్కసారి వస్తావా?"

మేడ మీద పీపా మళ్ళీ నిలబెట్టి ఉంది. పక్కన పెద్ద గిన్నె నిండా నూనె. దక్షిణం పిల్ల చేతిలో రెండు చిన్న సీసాలు. మొహంలో ఏదో పట్టుదల.

"ఎక్కడ తప్పు జరిగిందో తెలుసుకుందామని మళ్ళీ చేశానక్కా. నాలుగు రోజులు పట్టింది. ఇందులో ఒకటి ఇప్పుడు చేసింది. ఒకటి హోటల్నుంచి వెనక్కొచ్చిన సీసాలోది, కొంచెం దాచాను. నాకు ఒకటి బాగుందనీ ఒకటి చెడిందనీ తెలుస్తూనే ఉంది. కానీ ఆ రోజు పంపేటప్పుడూ అలాగే అనిపించింది కదా? ఇప్పుడు నా ముక్కు మీద నాకు నమ్మకం లేదు. నువ్వు చూసి చెప్పు. నీ ముక్కు పొరపాటు పడదు."

సీసాలు రెండూ వంటక్క చేతుల్లో పెట్టింది. ఎండ నెత్తిన మండుతోంది. వంటక్క మొదటిది ముక్కు దగ్గర పెట్టుకుంది. తరవాత రెండోది. మళ్ళీ మొదటిది. గోడ, గోడ, గోడ. వేలు ముంచి నాలుక మీద రాసుకుంది. రెండూ ఒకేలా మండాయి, ఆ మంటలో ఇంకే తేడా అందలేదు. రంగు చూసింది. ఒకటి కాస్త నలుపు తిరిగి ఉంది. పాతబడితే నల్లబడుతుంది కదా అనుకుంది.

ఇప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

"ఇది" అంది, నల్లటి సీసా ఎత్తి. "ఇది చెడిపోయింది."

దక్షిణం పిల్ల మొహంలోని పట్టుదల చెదిరిపోయింది. "అదా?" అంది నెమ్మదిగా. "నాకు అదే మంచిదనిపించింది. అది ఇప్పుడు చేసిందే."

 తరవాత ఏడవకుండా, గొంతు పెంచకుండా, "అయితే నా వల్ల కాదక్కా. చేస్తుండగానే చెడిపోతున్నా తెలియడం లేదంటే ఇంకేం చేస్తాను" అని పెద్ద గిన్నెను రెండు చేతులా ఎత్తి మేడ చివర తూము దగ్గరికి తీసుకెళ్ళింది. గిన్నె వంచింది. నూనె ఎర్రటి తాడులా జారి తూములోకి పారింది.

"పోయకు!" వంటక్క గొంతు వంటక్కకే కొత్తగా వినిపించింది. పరుగెత్తి వెళ్ళి గిన్నె అంచు పట్టుకుంది. నూనె ఇద్దరి చేతుల మీదా ఒలికింది. "పోయకు. అది మంచిదే. నువ్వు చెప్పిందే నిజం."

"ఇప్పుడే కదా చెడిందన్నావు?"

"నాకు వాసన తెలీదు."

"ఏంటీ?"

"నాకు వాసన తెలీడం లేదమ్మాయ్. చలికాలం జ్వరం వచ్చినప్పటి నుంచీ. ఏ వాసనా తెలీదు. రంగు చూసి ఊరికే చెప్పాను."

గిన్నె ఇద్దరి మధ్యా కిందికి దిగింది. దక్షిణం పిల్ల ఆమె మొహంలోకి చూసింది.

"మరి ఆ రోజు మూత తీసి చూశానన్నావు."

"చూసినట్టు చేశాను."

"సీసాలు ఎక్కడ పెట్టావు?"

వంటక్క నేల చూసింది. "పొయ్యి పక్క అలమరలో. పన్నెండు రోజులు."

ఎక్కడో కింద ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. దక్షిణం పిల్ల బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. 

"నా ముక్కు చచ్చిపోయిందనుకున్నాను" అంది. "మూడు వారాలు. సబ్బు వాసన చూశాను. నిమ్మకాయ కోసి చూశాను. ఆయన చొక్కా పట్టుకుని పిచ్చిదానిలా చూస్తుంటే, ఏమైందే నీకు అన్నాడు. వాసన తెలుస్తూనే ఉంది, కానీ అది నిజమో కాదో తెలీలేదు. నాకేదో రోగమొచ్చిందనుకున్నాను."

వంటక్కకు తన వంటింటి సాయంత్రం గుర్తొచ్చింది. సబ్బు, నిమ్మకాయ. తలుపు వేసుకుని తను పడిన ఆ భయాన్నే ఏ జబ్బూ లేని మనిషి నెత్తిన పెట్టింది. నింద మోపానని మాత్రమే అనుకుంటూ వచ్చింది ఇన్నాళ్ళూ. ఇది ఆమె ఊహకే అందలేదు.

"క్షమించు" అంది. ఆ మాట ఎంత చిన్నదో అన్నాకే తెలిసింది.

"నువ్వు పళ్ళు తెచ్చిపెడుతుంటే మా అక్క ఎంత మంచిదో అని ఆయనతో చెప్పాను." దక్షిణం పిల్ల చేతుల నూనె గుడ్డకు తుడుచుకుంది. "కిందికి వెళ్ళు."

మూడు రోజులు పైనుంచి మాటా పలుకూ లేదు. నాలుగోనాడు పొద్దున వంటక్క పనికి బయల్దేరుతుంటే దక్షిణం పిల్ల మెట్ల మధ్యలో నిలబడి ఉంది.

"నాకు చెప్పావు, సరే. ఆ రోజు ఎవరెవరి ముందు నా పేరు చెప్పావో వాళ్ళందరి ముందూ చెప్పు. ఆ నర్సమ్మగారికి కూడా." అని పైకి వెళ్ళిపోయింది.

వంటక్క ఆ పొద్దునే చెప్పింది. కండక్టరు గారు, పొయ్యిల దగ్గరి మనిషి, పళ్ళేలు తుడిచే ఆవిడ, ముగ్గురూ ఉండగా, పొయ్యిలు వెలిగించకముందే. ఆమె చెప్పడం అయ్యాక కండక్టరు గారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు.

"ముక్కు పోయిందని చెప్తే నిన్ను దింపేస్తాననుకున్నావా?" అన్నాడు. మళ్ళీ తనే, "ఏమో, దింపేసేవాణ్ణేమో కూడా. నాకు తెలీదు. కానీ ఆ పిల్లని నా నోటితో తిట్టించావు చూడు, అది..." మాట పూర్తి చేయకుండా లేచి చొక్కా సర్దుకుని ఎటో వెళ్ళిపోయాడు.

పెద్ద నర్సు ఇంటికి మధ్యాహ్నం వెళ్ళింది. ఆవిడ మొక్కలకు నీళ్ళు పోస్తూ అంతా విని, విందు సంగతి పక్కన పెట్టేసి, "ఎన్ని నెలలైంది? డాక్టరుకు చూపించావా?" అంది. లేదంటే కోప్పడింది. "నీలాంటివాళ్ళు నాకు ఎంతమంది తగిలారో. కొందరికి తిరిగొస్తుంది, కొందరికి రాదు. చూపించుకోకుండా దాచుకోవడమేంటి, దొంగతనం చేసినట్టు?" చీటీ మీద ఒక డాక్టరు పేరు రాసి ఇచ్చింది. గేటు దాకా వచ్చి, "ఆ నూనె అమ్మాయికి నా మాటగా చెప్పు, టోస్టు నాకు బాకీ" అంది. వంటక్కకు దారంతా ఆ దొంగతనమన్న మాటే వినిపించింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కండక్టరు గారు మెట్లు దిగుతున్నాడు. పైకి వెళ్ళి తప్పయిందని చెప్పి వచ్చానన్నాడు. "మళ్ళీ చేస్తానంది. కానీ సీసా ఎవరి చేతికీ ఇవ్వదట. తనే తెచ్చి, తనే పోసి, తనే మూత పెట్టి తీసుకుపోతుందట. సరేనన్నాను. వంటింట్లో వాసన చూసే పని కూడా ఇక ఆవిడదే. నువ్వు బ్రెడ్డు కాల్చు, కూరలు చూడు. ఉండాలనుకుంటే ఉండు."

ఉండకపోతే బాగుండుననే అనుకుంది. ఆ మొహం రోజూ ఎదురుగా పెట్టుకుని పనిచేయడం కన్నా మానేయడం తేలిక. అందుకనే ఉండిపోయింది.

పలక మీద అక్షరాలు మళ్ళీ రాశారు. దక్షిణం పిల్ల రోజూ పదకొండింటికి సీసా సంచిలో పెట్టుకుని వచ్చేది. వంటక్క బ్రెడ్డు కోసి, కాల్చి, వెల్లుల్లి రుద్ది బల్ల మీద వరసగా పేర్చేది. ఆమె బొబ్బర్లు పరిచి, టమాటా వేసి, పైన పొగనూనె పోసేది. ఇద్దరి మోచేతులూ తగులుకునేంత దగ్గర. కాని మాటలు పనికి సరిపడా మాత్రమే. అందరిలాగే ఆమె కూడా ఇప్పుడు "వంటక్కా" అనే పిలుస్తోంది. "వంటక్కా, ఇంకో పది ముక్కలు. వంటక్కా, ఆ గిన్నె ఇటివ్వండి." అండీ కూడా చేరింది. ఇంట్లో పదహారేళ్ళుగా విన్న "అక్కా" అన్న పిలుపు పోయి ఈ కొత్త పిలుపు వచ్చాక, ఎవరు తిట్టినా ఇంతకన్నా నొప్పి ఉండదని వంటక్కకు అర్థమైంది. అడిగే హక్కు తనకు లేదనీ తెలుసు.

డాక్టరు దగ్గరికి భర్తతో వెళ్ళి వచ్చింది. ఆ డాక్టరు నాలుగు రకాల వాసన నూనెల సీసాలిచ్చి, ముక్కుకు మళ్ళీ అలవాటయ్యేలా రోజూ పొద్దునా సాయంత్రం వాసన చూడమన్నాడు. చూస్తోంది. ఇప్పటికైతే ఏమీ తెలియడం లేదు. ఇప్పుడు గిన్నె మీదికి వంగదు, కళ్ళు మూసుకోదు. పక్కకు జరిగి "చూసి చెప్పు" అంటుంది. వచ్చే జవాబు ఒకటే మాట, బాగుంది అనో బాగోలేదు అనో.

వాన పడుతున్న ఒక మధ్యాహ్నం హోటలు కిక్కిరిసిపోయింది. గుమ్మంలో కండక్టరు గారు జరగండి, జరగండి అంటున్నాడు. వంటక్క చేపలు తిప్పుతూ అటు తిరిగి ఉంది. వెనక చిన్న పొయ్యి మీద వెల్లుల్లి వేగుతోంది. వాన చప్పుడులో నూనె చిటపట వినిపించలేదు.

"అక్కా! వెల్లుల్లి మాడుతోంది!"

వంటక్క తిరిగి చటుక్కున పెనం దించింది. దక్షిణం పిల్ల తల వంచుకుని అప్పటికే తరవాతి ముక్క మీద నూనె పోస్తోంది. నోరు జారిన మాటో, కావాలని అన్న మాటో ఆమె మొహంలో ఏమీ తెలియలేదు. వంటక్క మాడిన వెల్లుల్లి పారేసి, పెనం తుడిచి, కొత్త రెబ్బలు ఒలవడం మొదలుపెట్టింది.